ఉప్పు మరచిన రోజు

జలాంతర్గామిలో వంటవాడి అసలు పేరుతో ఎవరికీ పని పడదు. అతన్ని అందరూ గరిటె అనేవారు. "గరిటె లేచాడా?" అంటే రొట్టెలు సిద్ధమయ్యాయా అని అర్థం. "గరిటె అలిగాడు" అంటే ఆ పూట ఉడికీ ఉడకని బంగాళాదుంపలే గతి అని అర్థం. ఇంట్లో భార్య కూడా కోపం వచ్చినప్పుడు "ఏమండీ గరిటెగారూ" అని పిలిచేది. అతను గొప్ప వంటవాడని చెప్పలేం. రొట్టె బాగా చేసేవాడు, మిగిలినవి తినదగినట్టు చేసేవాడు. సూర్యుడు కనిపించని చోట అంతకన్న కోరడం అత్యాశే.

లారీలు బాగుచేసే తండ్రి కడుపున పుట్టి, గ్రీజు వాసన మధ్య పెరిగి, సముద్రం చూడాలన్న కోరికతో నౌకాదళంలో చేరాడు. చేరాక అతన్ని కిటికీ లేని ఇనుప గొట్టంలో పెట్టి సముద్రం అడుగుకు దించారు. "సముద్రంలోనే బతుకుతావు, అదెలా ఉంటుందో చెప్పరా అంటే నీళ్ళు నములుతావు" అని తండ్రి వెక్కిరించేవాడు. "చేప కూడా అప్పుడప్పుడు పైకొచ్చి చూస్తుందిరా. నువ్వు దానికన్నా కనాకష్టం."

అతని వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాలి. ప్రయాణం మొదట్లో డబ్బాలకూ మూటలకూ చోటు చాలక నడవా నేల మీదే పరిచి, పైన చెక్కలు వేసేవారు. మనుషులు రాబోయే నెలల తిండి మీదే నడిచేవారు. పొడుగువాళ్ళ తలలు పైగొట్టాలకు కొట్టుకునేవి. తినేకొద్దీ నేల కుంగేది. ఎవరి తలా దేనికీ తగలడం లేదంటే ఇల్లు దగ్గర పడినట్టే. పాలు ముందు అయిపోయేవి, తరువాత గుడ్లు, చివరకు ఉల్లిపాయలు. లోపల పగలూ రాత్రీ తేడా లేదు కనుక రొట్టె కాలిన వాసన రావడమే తెల్లవారడం. నిశ్శబ్దం పాటించాలన్న ఆజ్ఞ వస్తే గిన్నెల కింద గుడ్డలు పరిచి వండేవాడు. మూత జారి పడితే బయట ఎవరికి వినబడుతుందో ఎవరు చెప్పగలరు?

ఆ ఓడలో ఒక ఆనవాయితీ ఉంది. బయలుదేరే ముందు కెప్టెన్ ఒక్కొక్కరినీ తన గదిలోకి పిలిచి ఒకే ప్రశ్న అడిగేవాడు. ఇంటి దగ్గర కాకూడనిది జరిగితే అప్పుడే చెప్పమంటావా, తిరిగి వచ్చాకనా? ఎందుకంటే లోపలికి కబురు రాగలదు గాని లోపలి నుంచి మనిషి పోలేడు, మాట కూడా పోలేదు. వారానికొకసారి ఇంటి నుంచి నాలుగు ముక్కలు వస్తాయి. వాటిలో మనసు కలిచేవి ఉంటే ఒడ్డున ఉన్న అధికారులే తీసేస్తారు. అసలు కబురు విడిగా కెప్టెన్‌కు చేరుతుంది.

ఆ ఏడాది గరిటె తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నాడు. డాక్టర్ "చూద్దాం" అన్నాడు గాని ఏం చూద్దామో చెప్పలేదు. కొడుకు సెలవు పెడతానంటే ముసలాయన కసిరాడు.

"పోరా పో. నువ్వు మంచం పక్కన కూర్చుంటే నా ఊపిరితిత్తులు సిగ్గుపడి బాగవుతాయా?"

కెప్టెన్ అడిగినప్పుడు గరిటె తడుముకోలేదు. "వచ్చాకే చెప్పండి సార్. మధ్యలో చెబితే నేనేం చేస్తాను? గోడకి తల బాదుకోవాలి. అదీ చప్పుడు చెయ్యకుండా."

కెప్టెన్ నవ్వలేదు. "ఒకసారి చెప్పాక మార్చుకోడానికి లేదు" అన్నాడు.

బయటకొచ్చాక ఆ మాట తంతితో చెప్పాడు. తంతి అంటే వైర్‌లెస్ మనిషి. లోపలికి వచ్చే ప్రతి కబురూ మొదట అతని చేతిలోనే పడుతుంది. గరిటెకన్న చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

"నన్ను అడగడమే మానేశారన్నా" అన్నాడు తంతి. "నన్ను దాటుకుని నాకే కబురు దాచడం ఎవడి తరం?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

తంతి ఇన్నేళ్ళలో గరిటె వంటను మెచ్చుకున్న పాపాన పోలేదు. పని దిగగానే వచ్చి, పళ్ళెం ముందు పెట్టుకుని మొదలుపెట్టేవాడు. "అన్నా, ఇది సూపా, గిన్నెలు కడిగిన నీళ్ళా? కెప్టెన్‌కి చెప్పు, శత్రువు కనబడితే బాంబులెందుకు, నీ రొట్టె ఒకటి విసిరితే చాలు." గరిటె కూడా ఊరుకునేవాడు కాదు. "తినకురా, నీ తీగలు నమిలి బతుకు" అనేవాడు. ఆ తిట్లలో ఇద్దరికీ ఆకలి తీరేది.

సగం దారి దాటాక ఒకరోజు గరిటె మనసు ఎక్కడో ఉండి సూప్‌లో ఉప్పు మరిచాడు. మొదటి వరసే గోల పెట్టింది. "ఏం గరిటే, ఉప్పు సముద్రంలో ఉంది కదా అని ఊరుకున్నావా?" అతను లెంపలేసుకుని ఉప్పు డబ్బా అందుకుంటుండగా తంతి వచ్చి మూల కూర్చున్నాడు. గిన్నె ముందుకు లాక్కుని చివరిదాకా తాగాడు. ఇక తిట్లు మొదలవుతాయని గరిటె సిద్ధంగా నిలబడ్డాడు.

"బాగుందన్నా" అన్నాడు తంతి, తల ఎత్తకుండా.

గరిటె చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. ఉప్పులేని సూప్ బాగుందన్నవాడు అబద్ధమాడుతున్నాడు. తంతి తనతో అబద్ధమాడవలసిన అవసరం ఒక్కటే ఉంటుంది. నాన్న పోయాడు.

అనుమానానికి ఆధారాలు కరువుండవు. కావలసినన్ని అదే పుట్టించుకుంటుంది. ఆ వారం భార్య నుంచి వచ్చిన మాటలు ఇవి: పిల్ల సైకిల్ నేర్చుకుంది, కుళాయి బాగుచేయించాను, మామయ్యగారి కుర్చీ వరండాలో ఎండకి వేశాం. కుర్చీ వేశారట. మనిషేడీ? నడవాలో ఎదురుపడిన కెప్టెన్ దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. ఎప్పుడైనా తప్పుకున్నాడా? తప్పుకునే ఉంటాడు, కాని ఆ నడవాలో ఎవరో ఒకరు తప్పుకోక తీరదన్న సంగతి గరిటెకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

అతను మింగలేక కక్కలేక కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. చివరకు టీ పట్టుకుని కెప్టెన్ గదికి వెళ్ళాడు.

"సార్, ఆరోజు చెప్పింది మార్చుకుంటాను. ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

కెప్టెన్ టీ అందుకున్నాడు, తాగలేదు. "ఏమీ లేదని ఇవాళ నీకు చెప్పాననుకో. రేపు ఇంకొకడొచ్చి అడుగుతాడు. వాడికి చెప్పలేకపోతే నా మౌనమే కబురవుతుంది. అందుకే ఉన్నా చెప్పను, లేకపోయినా చెప్పను."

"మీ ముఖం చూసి తెలుసుకుందామని వచ్చాను సార్."

"ఈ ముఖం నాకే ఏమీ చెప్పదు. వెళ్ళు, రొట్టె మాడుతున్నట్టుంది."

ఆ తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే అది అంత భారంగా ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గాని, రెండింటిలో దేనిలోనైనా దూకే వీలుంటుంది. గరిటెకు దూకడానికి చోటే లేదు. పిండి పిసకడం తప్ప చేయగలిగింది లేక, అవసరానికి మించి పిసికాడు. రొట్టెలు గట్టిపడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. అదీ ఒక ఆధారమైంది.

తంతి మాత్రం అదివరకటికన్న ఎక్కువగా వచ్చేవాడు. తిండికి కాదు. వంటగది గుమ్మంలో నిలబడేవాడు. ఒకసారి అన్నాడు, "అన్నా, కాసేపు ఇక్కడ కూర్చోనా?"

గరిటె గుమ్మానికి అడ్డంగా జరిగాడు. కూర్చుంటే వీడు నోరు జారతాడు, జారితే నిజం నిజమైపోతుంది.

"పనుందిరా. తరవాత రా."

"బంగాళాదుంపలు ఒలిచి పెడతాను. మాట్లాడనులే."

"వద్దన్నాగా! ఇరుకు. పో."

తంతి ఇంకా కొంచెంసేపు గొట్టం పట్టుకుని నిలబడి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. భోజనం దగ్గర గరిటె అతని వైపు చూడకుండా గిన్నె నింపి జరిపేవాడు. నేల కుంగుతూ వచ్చింది. పొడుగువాళ్ళ తలలు గొట్టాల కింద నుంచి సుఖంగా సాగాయి. అందరూ ఇంటి గురించి మాట్లాడుకుంటుంటే గరిటె మాత్రం ఆ డబ్బాలు ఎప్పటికీ తరగకుండా ఉంటే బాగుండుననుకున్నాడు. ఒడ్డు చేరేదాకా తండ్రి పూర్తిగా చచ్చిపోలేడు కదా.

ఓడ పైకి తేలి రేవు చేరింది. వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంటూ గరిటె చెక్క వంతెన మీదుగా దిగాడు. కంచె దగ్గర భార్య, చేయి ఊపుతున్న కూతురు. వాళ్ళ పక్కన, మడత కుర్చీలో, టోపీ కళ్ళ మీదికి లాక్కుని ముసలాయన.

"ఏరా, పాలిపోయి బూజు పట్టిన రొట్టెలా ఉన్నావు! వాళ్ళు నీ వంట నీకే పెట్టారా ఏం?"

గరిటె అక్కడే నేల మీద కూలబడి తండ్రి మోకాళ్ళు పట్టుకున్నాడు. భార్య బిక్కమొహం వేసింది. "కుర్చీ ఎండలో వేశామని చెప్పాగా. డిశ్చార్జి చేశారు, రోజూ కాసేపు ఎండలో కూర్చోమన్నారు. అన్నీ రాయడానికి చోటెక్కడిది?"

అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని ఆ క్షణంలో పక్కనుంచి మాటలు చెవిన పడ్డాయి. ప్రతిసారీ తంతి కోసం అతని తల్లి వచ్చేది, ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని. ఇప్పుడు అతని అన్న ఒక్కడే వచ్చాడు, అదే గొడుగు మూసి పట్టుకుని.

"ఎలా చెప్పాలో తెలీడం లేదురా. అమ్మ..."

"తెలుసన్నయ్యా" అన్నాడు తంతి. "కబురు నా చేతిలోనే పడింది. అప్పుడే."

"అయ్యో. ఇన్నాళ్ళూ ఒక్కడివేనా? ఎవరితోనైనా చెప్పుకున్నావా?"

"కెప్టెన్‌కి తెలుసు. లోపల ఇంకెవరికీ చెప్పద్దన్నారు. ఒకడి ఏడుపు అందరికీ అంటుకుంటుందని."

గరిటె లేచాడు. తండ్రి చేయి వదలడానికి భయమేసింది, వదిలాడు. తంతి ఎదురుగా నిలబడ్డాక అనుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది మరొకటి.

"ఆరోజు సూప్‌లో ఉప్పు లేదురా."

తంతి అతన్ని చాలాసేపు చూశాడు, ఏ రోజో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"లేదా?" అన్నాడు. "నాకు తెలియలేదన్నా."

తంతి తన అన్నయ్య చేతిలోంచి గొడుగు తీసుకుని సంచి భుజాన వేసుకున్నాడు. గరిటె అతని వెంట రెండడుగులు వేశాడు. వెనక నుంచి ముసలాయన ఎవర్రా ఆ కుర్రాడు, ఇంటికి భోజనానికి పిలవరా అని కేకేస్తున్నాడు. గరిటె నోరు తెరిచాడు. కాని ఏ మొహంతో పిలవాలో తెలియలేదు.