ఉప్పునీళ్లకు లేవని నరం

నరాల మీద ఐదేళ్లు పరిశోధన చేసి, ఒక్క నరం చేతిలో పరువు పోగొట్టుకున్న వైనం చెబుతాను. నవ్వొస్తే నవ్వేయండి, మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ మానలేదు.

ఆరోజు పన్నెండింటికి నాంపల్లిలో ఓ కాలేజీలో నా డెమో క్లాసు. అది బాగా చెబితేనే లెక్చరర్ ఉద్యోగం. పొద్దున్నే పిప్పిపన్ను సలపడంతో అబిడ్స్‌లో పళ్ల డాక్టరమ్మ కుర్చీలో పడ్డాను.

"మత్తు ఇంజక్షన్ ఇస్త. మూతి మూడు గంటలు మొద్దుగుంటది. ఇయ్యాల మాట్లాడే పని గిట్ల ఉందా సార్?" అందావిడ.

"నరాల సంగతి నాకా చెబుతారు! ఆ మందు నరంలో కబురు నడిపే సోడియం గేట్లు మూస్తుంది, అంతే. మా ల్యాబులో కప్ప నరానికి ఇదే వేసి, ఉప్పునీళ్లతో కడిగితే పది నిమిషాల్లో లేచి కూర్చునేది."

"మీరు కప్ప కాదు గద సార్."

"నరం నరమేనండీ. కానివ్వండి."

కానిచ్చింది. సిమెంటు పెట్టించుకుని పదకొండింటికి బయటపడేసరికి నా కింది పెదవి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది. నాకేం భయం? పక్కనున్న ఇరానీ హోటల్లో గ్లాసెడు నీళ్లు, గుప్పెడు ఉప్పు అడిగి తీసుకుని పుక్కిలించాను. మళ్లీ ఇంకో గ్లాసు.

"ఏంది సార్, తబియత్ గిట్ల బాగలేదా?" అన్నాడు కౌంటర్లో పెద్దాయన. జవాబు చెప్పబోతే చొక్కా తడిసింది. మందున్నది చిగుళ్ల లోపల, నేను కడుగుతున్నది బుగ్గని. ఇంత చిన్న ముక్క అంత పెద్ద చదువుకు తట్టలేదు!

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నేను నాంపల్లి చేరాను గానీ నోరు అబిడ్స్‌లోనే ఉండిపోయింది. నా పాఠమేమో, నరంలో కబురు ఎలా నడుస్తుందని. "థోఢియం..." అనగానే ముందు బెంచీ కిసుక్కుమంది. వెనక కూర్చున్న హెడ్ మేడం కళ్లద్దాలు తీసి చూసింది. ఉద్యోగం పోయిందని ఏడుపొచ్చింది. ఇక సిగ్గు విడిచి బోర్డు మీద నరం బొమ్మ గీసి, 'మత్తు ఇంజక్షన్, గంటన్నర క్రితం' అని రాసి, నా పెదవిని నేనే గట్టిగా గిల్లి చూపించాను.

"సార్‌కు నొప్పి ఎందుకు తెలుస్తలేదు?" అని మేడం పిల్లల్ని అడిగింది.

"సోడియం గేట్లు బందైనయ్ మేడం! నరంల కరెంటు ముందుకు పోదు."

"అయితే చివర ఏమైతది?"

"కరెంటు రాకుంటే చివరున్న కాల్షియం గేట్లు తెరుచుకోవు. కబురు మోసే రసాయనం బయటికి రాదు. పక్క నరానికి కబురే అందదు!"

నా జన్మలో ఏ పాఠమూ అంత బాగా నడవలేదు, నేనేమీ చెప్పకపోవడం వల్లే కాబోలు.

క్లాసయ్యాక మేడం పిలిచి అంది: "ఉద్యోగం మీదే సార్. గని ఒక్క షరతు. ఏటా ఈ పాఠం చెప్పే నాడు గిట్లనే పన్ను చూపించుకొని రావాలె."

నాలుక ఇంకా తిరగడం లేదు, తలూపాను. ముప్పైరెండు పళ్ల సాక్షిగా అక్కడే ఒట్టు కూడా పెట్టుకున్నాను: సూది పట్టుకున్న మనిషి ముందు నోరు విప్పితే పన్ను చూపించడానికే విప్పుతాను తప్ప, పాఠం చెప్పడానికి ఇక చచ్చినా విప్పను.