తల్లుల గది

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో గుండీల మిషను మీద కూర్చుంటుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ గుండీలక్క అనేవాళ్లు. కాన్పయ్యాక, చంటిదాన్ని అత్తకి అప్పజెప్పి మళ్లీ పనిలోకొచ్చింది.

తల్లులంటే ఆ యాజమాన్యానికి ఎంత ప్రేమంటే, బిడ్డలకి పాలివ్వడానికి ఏకంగా ఓ గదే కట్టించింది. తలుపు మీద 'తల్లిపాలకు సాటి లేదు' అని అందంగా రాయించింది. లోపల అట్టపెట్టెలు నింపి తాళమేసింది. పెట్టెలు మాత్రం ఏ లోటూ లేకుండా ఉండేవి.

మధ్యాహ్నానికి గుండీలక్కకి పాలు చేపుకొచ్చి రొమ్ములు సలిపేవి. బాత్రూములోకెళ్లి, పళ్లు బిగబట్టి, పిండి పారబోసేది. ఇంటి దగ్గర పిల్లేమో డబ్బాపాలు ఉమ్మేసి గుక్కపట్టేది.

"మాటిమాటికీ బాత్రూమేంటమ్మా? చొక్కాకి మరకైతే ఎవరిది పూచీ?" అనేవాడు సూపర్‌వైజరు. పాపం, ఆయన బాధ ఆయనది.

ఓరోజు చొక్కాలు కొనే కంపెనీ నుంచి తనిఖీకి వస్తున్నారన్నారు. పెట్టెలు బయటికెళ్లాయి, కుర్చీ, కర్టెను లోపలికొచ్చాయి. అన్నీ అమిరాయిగానీ తల్లే తక్కువైంది. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"తల్లీ, మీ పాపని తెప్పించుకో. కారు పంపిస్తాను!"

అలా చంటిది, నానమ్మతో సహా, దర్జాగా కారులో దిగింది. ఒళ్లోకి తీసుకోగానే ఆబగా అందుకుంది. పట్టపగలు బిడ్డకి పాలిచ్చి ఎన్నాళ్లైందో! గుండీలక్క కళ్లు చెమర్చాయి.

తనిఖీకొచ్చినావిడ ముచ్చటపడి, "రోజూ ఇక్కడే ఇస్తావా?" అంది. వెనక నుంచి సూపర్‌వైజరు అవునను, అవునను అని తల తెగ ఊపుతున్నాడు.

 గుండీలక్క నోరు విప్పింది.

"ఇవాళే మొదలండీ. రేపట్నుంచి తల్లులందర్నీ రోజూ పిల్లల్ని తెచ్చుకోమన్నారు సారు. అంతేగా సార్?"

 ఊపుతున్న తలని ఆపడం సారు తరం కాలేదు.

మర్నాడు అత్త పిల్లనెత్తుకుని నడిచే వచ్చింది. కారుకి సెలవు కాబోలు. ఇస్త్రీ విభాగంలోని ఇద్దరు తల్లులూ బిడ్డల్ని తెప్పించుకున్నారు.

"నిన్నటి సంగతి వేరమ్మా," నసిగాడు సూపర్‌వైజరు.

"ఆ మాట నిన్నటావిడకి మీరు చెప్తారా సార్, నన్ను చెప్పమంటారా?"

ఆయన తాళం తీశాడు.

పిల్ల ఒళ్లు చేసింది. గుండీలక్కకి సలుపు తగ్గింది. ఫ్యాక్టరీకి ఎవరొచ్చినా సూపర్‌వైజరు ముందు ఆ గదే చూపించి, "ఇది నా ఆలోచనేనండీ," అంటాడు. గుండీలక్క కాదనదు. పిల్లకి పాలిచ్చే వేళ ఆ గొడవలెందుకని.