కన్నం లేని ఫోనూ, మా నాన్న చెవిలో వైరూ

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాటికి ఆధార్ కార్డు ఉందా అని అడిగే రకం నేను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, సైన్సు పెద్దగా రాదు. అయినా శ్మశానం గోడ పక్కన బండి ఆపుకుని అన్నం తిన్న రోజులు చాలా ఉన్నాయి. నీడ బాగుంటుంది, బండి పక్కకి తియ్యమని ఎవరూ రారు. అలాంటి నాకు పట్టపగలు, జనం ఒకరినొకరు తోసుకు తిరిగే గుంటూరు బ్రాడీపేటలో, ఒక ఇయర్‌ఫోన్ వైరు వల్ల ఎదురైన సంగతి ఇది. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా వీధి ఇప్పటికే నవ్వింది.

మాది నల్లపాడు. నాకొక చిన్న ట్రక్కు ఉంది. దర్శి వైపు ఊళ్ళ నుంచి గుంటూరు యార్డుకి మిర్చి తోలతాను. ఇంట్లో నేను, నా భార్య రూతు, మా నాన్న యాకోబు.

నాన్న ముప్పై ఏళ్ళు జిన్నింగ్ మిల్లులో చేశాడు. పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు. ఆ యంత్రాల మోత ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడివాళ్ళు సైగలతోనూ, పెదాలు చూసీ మాట్లాడుకుంటారు. చెయ్యి గుండ్రంగా తిప్పితే బెల్టు తెగిందని. రెండు వేళ్ళు పెదాలకి ఆనిస్తే బీడీకి పోదామని. నాన్న మిల్లు మానేశాక ఆ సైగలే మా ఇంటి భాష అయ్యాయి. అన్నం, నీళ్ళు, చర్చి, బండి, అన్నిటికీ సైగలున్నాయి. జోకుకి మాత్రం లేదు. ఊరందర్నీ నవ్వించే నాకు మా ఇంట్లోనే ఒక మనిషి బాకీ పడిపోయాడు.

చెవి మిషను పెట్టిద్దామని ఒకసారి వెళ్ళాం. ధర చెప్పగానే నాక్కూడా వినపడ్డం మానేసింది. తిరిగొచ్చేశాం.

తర్వాత యార్డులో ఒక గుమాస్తా ఫోన్‌లో ఒక యాప్ చూపించాడు. ఎదుటి మనిషి మాట ఫోన్ మైకులో పడితే, దాన్ని బాగా పెంచి ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఇంటికొచ్చి నాన్న చెవుల్లో వైరు పెట్టి, ఫోన్ నా నోటి దగ్గర పట్టుకుని, నా దగ్గరున్న వాటిలో మేలైన జోకొకటి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత పెదాలు చూడకుండా ఒక మాట విన్న మనిషి ఏమన్నాడో తెలుసా?

"ఒరేయ్, ఇన్నేళ్ళూ నువ్వు చెప్పింది ఇయ్యా? నాకు వినపడకపోవడమే మేలైందిరా."

అని ఆయనే పడీ పడీ నవ్వాడు. రూతు వంటింట్లో కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలంది. ఆ రోజు వండింది పప్పు.

ఏడాది అలా హాయిగా గడిచింది. చర్చిలో మొదటి బెంచీ మీద వైరు పెట్టుకుని కూర్చుని ప్రసంగం వినేవాడు. ఇంటికొచ్చి తప్పులు పట్టేవాడు.

ఒకరోజు యార్డులో దింపుడు జరుగుతుంటే జేబులోంచి ఫోన్ జారి కింద పడింది. దాని మీద నిండు టిక్కీ పడింది. మిర్చి బస్తాని మా యార్డులో టిక్కీ అంటారు. ఫోన్ అప్పడమైంది. వైరు ఇంట్లో ఉంది కాబట్టి బతికింది.

కొత్త ఫోన్ కొన్నాను. వైరు పెడదామని చూస్తే కన్నం లేదు. పైన చూశాను, కింద చూశాను, రెండు పక్కలా చూశాను. ఛార్జింగు పెట్టే కన్నం ఒక్కటే ఉంది. కొన్న కొట్టు బ్రాడీపేటలో బాజీది, తెలిసినవాడే. వెళ్ళి పోట్లాడాను.

"ఇంకా వైర్లు ఎవరు వాడుతున్నారన్నా?" అన్నాడు బాజీ.

"మా నాన్న."

"ఆయన కోసం కంపెనీ వాళ్ళు ఫోన్లు చేస్తారా ఏంది?"

"మరి నీ కోసం చేశారా? కన్నం ఎందుకు పూడ్చారో చెప్పు."

"ఫోన్ సన్నంగా ఉండాలనన్నా."

"సన్నంగా ఉండి ఏం చెయ్యాలి, పెళ్ళిచూపులకి పోవాలా?"

బాజీ నవ్వి, ఛార్జింగు కన్నంలో పెట్టే చిన్న తోక లాంటి కన్వర్టర్ ఒకటిచ్చాడు. దాన్లో పాటలు వచ్చాయి గానీ యాప్ పనిచెయ్యలేదు. ఇంకో రకం ఇచ్చాడు. మూడు రోజులు పనిచేసి చచ్చింది. చివరికి వైరు లేని బ్లూటూత్ గింజలు అంటగట్టాడు. అవి పెట్టుకున్న పూటే నాన్నకి కళ్ళు తిరిగాయి. పెదాలు ముందు కదులుతున్నాయి, మాట కాస్త ఆగి వస్తోంది. మామూలు మనిషి పట్టించుకోడేమో. ముప్పై ఏళ్ళు పెదాలు చదివిన మనిషికి అది నరకం. పీకి అవతల పెట్టాడు. అందులో ఒక గింజ యార్డులో నా జేబులోంచి జారి మిరపకాయల రాశిలో పడింది. ఇప్పటికీ ఎవరి కారంలోనో ఉండి ఉంటుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నల్లపాడు స్టేషన్‌లో నిలబడి చూశాను. కోచింగ్ సెంటర్లకి వెళ్ళే పిల్లల చెవుల్లో వైర్లున్నాయి. బఠానీలమ్మే ముసలామె చెవిలోనూ ఉంది. వీళ్ళంతా మనుషులు కారా? ఆ కన్నం పూడ్చినవాడి ఇంట్లో చెవిటి తండ్రి లేడు, అంతే.

నాన్న మాత్రం పొద్దున్న లేస్తే వైరు చేతిలో పట్టుకుని నా చుట్టూ తిరుగుతున్నాడు. "పెట్టరా, పెట్టరా." ఎన్నిసార్లని కన్నం లేదని సైగ చెయ్యను? అప్పుడు చేశాను ఆ వెధవ పని. వైరు ఆయన చెవుల్లో పెట్టి, రెండో కొస చొక్కా జేబులో వేసి, పెదాలు బాగా కదిపి చెప్పాను: "కొత్త ఫోన్లకి గుచ్చక్కర్లేదు నాన్నా. ఇట్టా జేబులో పెట్టుకుంటే గాలిలోంచే వస్తది."

నమ్మాడు. పాపం, చిన్న నవ్వు నవ్వి, జేబు మీద చెయ్యి వేసుకుని అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇదే జోకు చేసి అందర్నీ నవ్వించాను.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు నేను అరుగు ముందు బండి కడుగుతున్నాను. నాన్న వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఉన్నట్టుండి, "ఒరేయ్, ఉప్పు అయిపోయిందంట" అన్నాడు. లోపలికి వెళ్ళి రూతుని అడిగాను. మిక్సీ తిరుగుతుండగా, ఉప్పు డబ్బా చూసి తనలో తను గొణుక్కుందట. పక్కనే నిలబడినా నాకే వినపడేది కాదు.

సరే, ఉప్పు ఎప్పుడో ఒకప్పుడు అయిపోయేదే అనుకున్నాను.

ఆదివారం పాస్టరమ్మ వచ్చి వెళుతుంటే రూతు వీధి మలుపుదాకా సాగనంపింది. అరుగు మీద కూర్చున్నవాడికి ఆ మలుపు కనపడదు. నాన్న నాతో అన్నాడు: "రంగు క్రిస్మస్‌కి వేయిస్తామని చెప్పు ఆమెకి." రూతు తిరిగొచ్చి చెప్పింది, ఇంటికి రంగు వేయించుకోవచ్చుగా అని పాస్టరమ్మ ఆ మలుపులోనే అందట.

ఇక పరీక్ష మొదలుపెట్టాను. నాన్న వెనక నిలబడి, "టీ తాగుతావా?" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. గోడ వెనక నుంచి జోకు చెప్పాను. లేదు. చెవి పక్కనే గిన్నె మీద గరిటెతో కొట్టాను. రూతు తిట్టింది, ఆయన మాత్రం కదల్లేదు. వైరు చూశాను, రెండో కొస జేబులోనే ఉంది. జేబులో ఇంకేమీ లేదు. ఫోన్ నా దగ్గరే ఉంది.

అప్పుడు రూతు ఒక మాటంది. "ఆయనకి వినపడాలని నువ్వు అనేది ఒక్కటీ వినపట్టం లేదయ్యా. ఆయన కోసం కాకుండా అనుకున్నయ్యే వినపడుతున్నాయి."

"అట్టాంటి ఇయర్‌ఫోన్ ఉంటే అత్తలంతా కొనుక్కునేవాళ్ళు" అన్నాను. రూతు నవ్వలేదు. వినికిడి తిరిగొస్తోందేమో, ఒకసారి చూపించమంది. నాకూ లోపల ఎక్కడో ఆశ పుట్టింది. తిరిగొస్తే ఇక ఫోనూ వద్దు, కన్నమూ వద్దు.

మంచి సీజను. యార్డులో రెండు ట్రిప్పులు వదులుకుని, ఆటోలో నాన్నని బ్రాడీపేటలో మునుపటి చెవుల క్లినిక్‌కే తీసుకెళ్ళాను. పన్నెండు దాటింది. చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, వాళ్ళ మిషనుతో శబ్దాలు పంపిస్తారు. వినపడితే వేలెత్తాలి. పరీక్ష చేసే అమ్మాయి నాన్న చెవుల్లోంచి మా వైరు తీసింది. ఆయన దాన్ని వదల్లేదు, పిడికిట్లోనే పట్టుకున్నాడు. తలుపు మూసింది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను.

అరగంట తర్వాత ఆ అమ్మాయి బయటికొచ్చి, "వినికిడి ఇంతకు ముందుకన్నా తగ్గిందండి. ఇంక పెరిగేది లేదు. పెద్ద మిషను పెట్టినా కష్టమే" అంది. ఒక్క శబ్దానికీ వేలు లేవలేదట. ఇంకొక్కసారి చూద్దామని, నాన్న అడిగితే మా వైరు ఆయన చెవుల్లో పెట్టనిచ్చి, మళ్ళీ తలుపు మూసింది.

అప్పుడు రూతు ఫోన్ చేసింది. నేను లేచి వరండా చివర మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఆ గదికీ నాకూ మధ్య రెండు తలుపులూ ఒక మలుపూ. ఒళ్ళంతా చిరాకుగా ఉంది. ఫోన్ మీద చిరాకు, బాజీ మీద చిరాకు, పోయిన ట్రిప్పుల మీద చిరాకు, ఆశపడిన నా మీద చిరాకు. గొంతు తగ్గించే అన్నాను:

"వినపడి మాత్రం ఆయన చేసేదేముందే? ఆ అరుగు మీద కుర్చీకీ ఆయనకీ తేడా ఏంది? కుర్చీలే నయం, ఒకదాని మీద ఒకటి పెట్టి మూలకి నెట్టెయ్యొచ్చు."

రూతు ఫోన్ పెట్టేసింది.

రెండోసారి పరీక్షలోనూ వేలు లేవలేదు. నాన్న బయటికొచ్చాడు. చెవుల్లో వైరు, కొస జేబులో. కిందకి దిగి ఆటో ఎక్కాం. చెవిటివాళ్ళు మాట్లాడితే వీధంతా వినపడుతుంది కదా, అలా గట్టిగా అన్నాడు:

"కుర్చీ పోలిక బాగుందిరా. నీ జోకుల్లో అదొక్కదానికే నవ్వొచ్చింది నాకు."

ఆటో డ్రైవరు కూడా నవ్వాడు, ఏమిటో తెలియకుండానే. నాన్న నవ్వలేదు. "ఇంక ట్రిప్పులు మానమాక" అన్నాడు.

నేను ఇంటి దగ్గర ఆయన్ని దింపి, అదే ఆటోలో వెనక్కి వెళ్ళాను. ఆ అమ్మాయిని బతిమాలి ఆ గదిలో నేను కూర్చున్నాను. తలుపు మూసి, వరండా చివర మెట్ల దగ్గర నిలబడి గట్టిగా అరవమన్నాను. అరిచిందట. గుండె కొట్టుకోవడం తప్ప నాకేమీ వినపడలేదు. గదికి కిటికీ ఉంది గానీ అది ఆమె మిషను వైపు. అందులోంచి మెట్లు కనపడవు. పెదాలు చదివే అవకాశం లేదు. రూతు చెప్పిందా అంటే, మేము ఇంటికి చేరేదాకా ఆమె ఆయన్ని చూడనే లేదు. తర్వాత కూడా చెప్పలేదని బైబిలు మీద చెయ్యి పెట్టింది. ఆటో డ్రైవరుకి మేమెవరమో తెలియదు.

వైరు కోసి చూద్దామా అనుకున్నాను. చేతులు రాలేదు. బాజీకి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "మామూలు వైరే అన్నా, ఒక పక్క అసలు పనే చెయ్యట్లా" అన్నాడు. నాకోసం పాత సామాన్లలో వెతికి కన్నమున్న ఫోనొకటి తెచ్చిచ్చాడు. యాప్ వేశాను, మీట చివరిదాకా పెంచాను. నాన్న చెవుల్లో పెట్టి, నోటి దగ్గర ఫోన్ పట్టుకుని చెప్పాల్సింది చెప్పాను. ఆయన నా పెదాలు చూడకుండా పక్కకి తిరిగి కూర్చున్నాడు. వినపడలేదని చెయ్యి గుండ్రంగా తిప్పాడు. బెల్టు తెగిందని.

ఇప్పుడు ఆయన ఆ కుర్చీలో కూర్చోడు. పొద్దున్నే దాన్ని ఎత్తి, లోపలున్న రెండో కుర్చీ మీద పెట్టి, మూలకి నెట్టి, వచ్చి అరుగు అంచున కూర్చుంటాడు. వైరు మాత్రం చెవుల్లోనే. మొన్న ఎదురింటివాళ్ళ గేదె ఈనబోతోందని, వాళ్ళు మాకు చెప్పకముందే చెప్పాడు.

ఇది ఎలా జరుగుతోందో నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళని అడిగాను, వాళ్ళు నా చెవులు చూపించుకోమన్నారు. ఆయన కోసం అన్నది ఆయనకి చేరదు, ఆయన కోసం కానిదే చేరుతుంది. అంతవరకే తెలిసింది. అందుకని రోజూ బండి తీసేముందు అరుగు వెనక గోడకి ఆనుకుని నిలబడి, "తప్పైంది నాన్నా" అంటాను. ఆయనకి వినపడకూడదు అని గట్టిగా అనుకునే అంటాను. ఆ అనుకోవడం అబద్ధమని వైరుకి తెలిసిపోతున్నట్టుంది. ఆయన ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.