ఎర్ర పిన్ను, వదిన గొంతు

డాక్టర్లు తీసేసిన గొంతును తిరిగి తెచ్చి నిండు పందిట్లో వినిపించిన మనిషిని నేను. ఇటు తుర్కయాంజాల్ నుంచి అటు తుక్కుగూడ దాకా, ఎవరు ఏ మైకు తెచ్చినా, ఎవరు ఏ రికార్డరు తెచ్చినా రెంటికీ పొత్తు కుదిర్చి, ఒక్క మిషనును కూడా కాల్చకుండా ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చినవాణ్ని.

మొన్న ఆదివారం మా మనవరాలితో సరిగ్గా ఈ మాటలే అన్నాను. దానికి ఆదిభట్లలో ఉద్యోగం. సెలవు రోజుల్లో వంటల ముచ్చట్లు రికార్డు చేసి స్నేహితులకు పంపడం దాని సరదా. ఫోను కోసం కొన్న చిన్న కాలరు మైకును, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న బుల్లి రికార్డరుకు గుచ్చిందట. పిన్ను దూరింది గానీ మాట రాలేదు. "రంధ్రంల మంచిగనే పట్టింది గద తాతా, మరెందుకు పలుకుతలేదు?" అంటూ రెండూ తెచ్చి నా ఒళ్లో పడేసింది. పిన్ను మీద నల్లగీతలు లెక్కపెట్టమన్నాను. మూడున్నాయి. ఫోను పిన్నుకు మూడు గీతలుంటాయి, ఇలాంటి రికార్డరు అడిగేది రెండు గీతలది. మధ్యలో మూడు గీతలను రెండుకు మార్చే చిన్న తోక తీగ కొనుక్కొచ్చి పెట్టుకో, పలుకుతుంది అని చెప్పాను. అది నన్ను చూసిన చూపుకు నాకు కాస్త మత్తెక్కి, పైన రాసిన గొప్పలు అందుకున్నాను. వంటింట్లోంచి మా ఇంటామె కుక్కర్ విజిలు కంటే గట్టిగా దగ్గింది.

ఆ దగ్గు అర్థం నాకు తెలుసు కనుక, మనవరాలి దగ్గర కుదరకపోయినా, నా ఈడు వాళ్లైన మీ దగ్గర నిజం ఒప్పుకుంటాను. కాల్చాను. రెండు మిషన్లు కాల్చాను.

ఇబ్రహీంపట్నం చుట్టూ ఎకరాలు గజాలైపోతున్న రోజులవి. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ నిన్నటి దాకా జొన్నచేలున్న చోట సున్నం పూసిన హద్దురాళ్లు, రంగు జెండాలు మొలిచేవి. ప్రతి ఆదివారం ఎక్కడో ఒక వెంచరు ప్రారంభం. వెంచరు అన్నాక టెంటు, టెంటు అన్నాక మైకు, మైకు అన్నాక నేను. పట్నం నుంచి వచ్చేవాళ్లు తమ మైకులు తామే తెచ్చుకునేవారు, వీడియోలు తీసేవాళ్లు తమ రికార్డర్లు తెచ్చుకునేవారు, ఒకరి పిన్ను ఒకరి రంధ్రానికి పట్టేది కాదు. ఆ పిన్నులకు పెళ్లి చేసే పురోహితుణ్ని నేను.

నాకు ఆ విద్య నేర్పింది పాత బజారులో రేడియోలు బాగుచేసే ఉస్తాద్. ఆయన లెక్కలో మైకులు రెండే జాతులు: తిండి అడిగేవి, అడగనివి. కొన్ని మైకులకు తీగలోంచి కరెంటు అందితే తప్ప నోరు పెగలదు. కొన్నింటికి మనిషి ఊపిరి చాలు. మిక్సరు మీద ఒక బొత్తం నొక్కితే మైకు తీగల్లోకి ఆ కరెంటు పోతుంది. అది తెలియకుండా అదే తీగకు చిన్న రికార్డరును కూడా తగిలించామా, పెద్ద మైకు తినే తిండి దాని పసికడుపులోకి పోతుంది. నేను సరిగ్గా అదే చేశాను. ఒక వెంచరు ప్రారంభం నాడు ఒకే తీగను చీల్చి ఇటు మిక్సరుకూ అటు ఎవరిదో రికార్డరుకూ ఇచ్చి, దర్జాగా బొత్తం నొక్కాను. కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఉస్తాద్ ఆ మిషను విప్పి చూసి, "అరె బేటా, చంటిపిల్లగానికి బిర్యానీ పెట్టినవ్" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట తిట్టలేదు. బొత్తం ఆర్పి, ధ్వని పూర్తిగా తగ్గించి, ఆ తర్వాత తీగ కలిపి, చెవితో విని, అప్పుడు మెల్లగా పెంచమని పదిసార్లు చేసి చూపించాడు. రెండో మిషను ఎలా కాలిందో చెప్పను. అందులో నా తప్పు ఇంకా ఎక్కువ.

ఇక వదిన సంగతి. మా అన్న భార్య. ఆమె గొంతు ఎలాంటిదంటే, నాట్ల కాలంలో మడిలో వంగి ఆమె ఒక పాట అందుకుంటే రెండు మడుల అవతల ఉన్న ఆడవాళ్లు కూడా అదే వరసకు నాటు వేసేవారు. నా హారన్లు ఆమె ముందు దండగ. అలాంటి గొంతులో గడ్డ లేచింది. పట్నం దవాఖానలో చూసి, గొంతులో మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలి, ప్రాణానికి ఢోకా లేదు గానీ ఇక మాట రాదు, ఆలస్యం చేయొద్దు అన్నారు. సోమవారం చేరమన్నారు. అప్పటికే ఆమె కూతురి పెళ్లి ఖాయమై ఉంది; ముహూర్తం మాత్రం ఇంకో రెండు నెలలకు గానీ లేదు.

మా ఇళ్లలో పిల్లను అప్పగించే వేళ తల్లి పాడటం ఆనవాయితీ. పాత పాట ఏదో ఒకటి పాడేస్తారు చాలామంది. మా వదిన అలా కాదు, కూతురి కోసం సొంతంగా ఒకటి కట్టుకుని ఉంది. పిల్ల రెండుసార్లు పిలిస్తే గానీ లేవదని, వంకాయ కూర కనబడితే పళ్లెం పక్కకు నెడుతుందని, దువ్వెన ఎక్కడ పెట్టిందో దానికే తెలియదని, ఇన్ని గుణాలున్న పిల్లను ఇస్తున్నాం జాగ్రత్తగా చూసుకోండని వియ్యపురాలికి చెప్పే పాట. దవాఖానకు పోవడానికి రెండు రోజుల ముందు మా ఇంటికి వచ్చింది. గొంతు అప్పటికే బొంగురు పోయింది.

"మరిదీ, నా పాణం గురించి నాకు ఫికర్ లేదు. పిల్లను సాగనంపేటప్పుడు నా నోట్లెకెళ్లి పాట రావాలె. నీ డబ్బల ఎక్కడన్న నా గొంతు దాచిపెడ్తవా?"

దాచిపెడతానన్నాను. ఆ మాట అనేటప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఉస్తాద్ అల్లుడు దుబాయ్ నుంచి తెచ్చిన అరచేతి రికార్డరు ఒకటి నా దగ్గర ఉండేది. దానికి సొంత మైకు లేదు, సన్నపిన్ను పట్టే రంధ్రం మాత్రం ఉంది. నా దగ్గర ఉన్న మంచి మైకేమో వేదికల మీద వాడేది, మూడు పిన్నుల లావు తీగది. ఈ రెంటినీ కలిపే తోక తీగను ఉస్తాద్ చేత కట్టించుకోవలసింది. ఆయన బంధువుల పెళ్లికని ఊరు దాటి వెళ్లాడు, వదినకేమో రెండు రోజులే ఉన్నాయి. నేనే సోల్డరింగు పెట్టాను. మిషను కాల్చిన భయం ఇంకా పోలేదు కనుక, తిండి అడగని మైకునే ఎంచుకున్నాను, మిక్సరు జోలికే పోలేదు, కరెంటు మాట రాకుండా పదిసార్లు చూసుకున్నాను. ఆ భయంలో పడి తీగల వరస చూసుకోలేదు. పెద్ద మైకులోంచి వచ్చే తీగల్లో ఒకటి నేలతీగ, అంటే ఎర్తు, మిగతా రెండూ ఒకే గొంతును మోసేవి. సన్నపిన్నులో కూడా నేలతీగ కాక రెండు గదులుంటాయి, కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి. రెంటికి రెండు సరిపోయాయి కదా అని చెరొక తీగ చెరొక గదికి అతికించేశాను. అంత చక్కగా జత కుదిరితే ఇక తప్పేముంటుంది అనుకున్నాను.

మధ్యాహ్నం వేళ వాళ్లింట్లో ఫ్యాను ఆపించి, కిటికీలకు బొంతలు కట్టించి, కోళ్లను అన్న చేత వీధి చివరికి తోలించి, పాడమన్నాను. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆ గొంతు ఇల్లంతా పరచుకుని, నా తల వెనక నుంచి కూడా వస్తున్నట్టు, ఎక్కడా ఒక చోట నిలవకుండా ఆకాశమంత వెడల్పుగా వినిపించింది. అది నా పనితనం అనుకున్నాను. ఆ వెడల్పే జబ్బు గుర్తని ఆనాడు నాకు తెలియదు. పాడటం అయ్యాక హెడ్‌ఫోన్లు ఆమెకు పెట్టాను. కాసేపు విని, కళ్లు పెద్దవి చేసి, "నా గొంతు గింత పెద్దగుంటదా!" అంది. తర్వాత, "నడుమల జర ఆయాసమొచ్చింది. ఇంకోపారి పాడమంటవా మరిదీ?" అని అడిగింది.

"ఎందుకు వదినా, బంగారం లెక్క వచ్చింది" అన్నాను.

సోమవారం ఆమె దవాఖానలో చేరింది.

పెళ్లినాటికి వదిన కోలుకుంది. మెడకు పలచటి గుడ్డ కట్టుకుని, సైగలతోనే వంటవాళ్లను అదిలిస్తూ తిరిగింది. పొద్దుటి నుంచి నా బాక్సుల్లో సన్నాయి దివ్యంగా మోగుతోంది కనుక తీగల మీద నాకు అనుమానమే లేదు. అప్పగింతల వేళయింది. వదిన పిల్ల చేతిని వియ్యపురాలి చేతిలో పెట్టి నా వైపు తల ఊపింది. అరచేతి రికార్డరును ఎర్రపిన్నూ తెల్లపిన్నూ ఉన్న తీగతో యాంప్లిఫయరుకు తగిలించి మీట నొక్కాను.

ఏమీ రాలేదు. సన్నని బుస తప్ప పాట లేదు, పలుకు లేదు. రికార్డరు మీద సెకన్లు పరుగెడుతున్నాయి, ధ్వని చూపే గీతలు లేస్తున్నాయి, అంటే లోపల పాట నడుస్తోంది, బయటికి మాత్రం గాలి వస్తోంది. ధ్వని పెంచాను, బుస పెరిగింది. బ్యాటరీ అని గొణిగాను. తలెత్తి చూస్తే వదిన నన్నే చూస్తోంది. కోపంగా కాదు. ఆమె చేయి మెల్లగా మెడ మీది గుడ్డ దగ్గరికి పోయింది. ఆ చూపు నేను ఇంకో జన్మకు కూడా మరచిపోను.

ఆ తర్వాతి ముక్కను నేను పాతికసార్లు చెప్పాను, పాతికసార్లూ ఒకే రకంగా చెప్పాను: లోపం నాకు క్షణంలో తట్టిందని, రెండు పిన్నుల్లో ఎర్రదాన్ని లాగేశానని, గొంతు గంగలా పొంగిందని. నాకేమీ తట్టలేదు. నేను యాంప్లిఫయరు వెనక మోకాళ్ల మీద కూర్చుని, చెమట కళ్లలోకి కారుతుంటే, ఉన్న తీగనే మళ్లీ మళ్లీ అదుముతున్నాను. అప్పుడు మా ఇంటామె కొంగు బిగించి వచ్చింది. "జరుగు జర. ఇంట్ల డబ్బ పలుకకపోతె నేనేం జేస్త? ఒక్కొక్కటి పీకి మళ్ల పెడ్త" అంటూ ఎర్రపిన్ను పట్టి పీకింది. పీకగానే పందిరంతా వదిన గొంతు. ఆమె అలవాటు ప్రకారం దాన్ని మళ్లీ గుచ్చబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకుని ఆపాను. ఆ మొత్తం వ్యవహారంలో నా పనితనం అంతే, పెట్టనివ్వకుండా ఆపడం. పాట అయిపోయేదాకా ఆమె చేయి వదల్లేదు, మా పెళ్లిలో కూడా అంతసేపు పట్టుకున్నట్టు గుర్తులేదు.

ఎందుకలా జరిగిందో మర్నాడు కొట్టుకు పోతే ఉస్తాద్ చెప్పాడు. ఆ లావు తీగలో ఒకే గొంతును మోసే రెండు తీగలూ ఒకదానికొకటి ఎదురుగా పనిచేస్తాయట. "ఒకడు తలుపు ముంగటికి నూకుతుండు, ఇంకొకడు గదే తలుపు ఎనకకు గుంజుతుండు. రెండు చెవులల్ల అలగ్ అలగ్ ఇంటే ఇద్దరు ఇనవడ్తరు. ఇద్దర్ని ఒక్క డబ్బల కలిపితె తలుపు కదుల్తదా? జర సోంచాయించు" అన్నాడు. నా పాత యాంప్లిఫయరు ఎర్రపిన్నునూ తెల్లపిన్నునూ ఒకటిగా కలిపేస్తుంది. సన్నాయి డిస్కులో ఇద్దరూ ఒకే వైపు నూకుతారు కనుక అది మోగింది. వదిన పాటలో ఇద్దరూ కొట్టుకుని ఆగిపోయారు. ఒకణ్ని పంపించేస్తే రెండోవాడు తలుపు తీశాడు. ఆయనే కూర్చుని రెండో తీగను నేలతీగతో కలిపి, మొదటి తీగనొక్కదాన్నే రెండు గదులకూ ఇచ్చి తోక తీగ సరిచేశాడు, పాటను కూడా ఒక గది నుంచే తీసి వేరే డిస్కు మీదికి ఎక్కించి ఇచ్చాడు. నా తప్పును ఆ బజారులో ఎవరికీ చెప్పలేదు. దుకాణం మీద దుకాణం లేస్తున్న ఆ కాలంలో ఆ ఒక్క మాట బయటపడితే నన్ను ఎవరు పిలిచేవారు?

ఇప్పుడు ఉస్తాద్ లేడు. ఆయన కొట్టు ఉన్న చోట ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. నాట్లు వేసిన మడుల్లో మూడంతస్తుల ఇళ్లు లేచాయి, ఆ ఇళ్లలో ప్రతి జేబులోనూ ఒక రికార్డరు ఉంది. వద్దన్నా గొంతు దాచిపెడుతుంది, తీగ అడగదు, తిండి అడగదు. మంచిదే. ఆనాడు వదిన చేతిలో అలాంటిది ఒకటి ఉంటే నన్ను బతిమాలే పనే లేకపోయేది. కాకపోతే ఇప్పుడు ఎవరి గొంతు కోసమూ ఎవరూ కిటికీలకు బొంతలు కట్టరు. దాచినవి ఇన్ని ఉన్నాయి, మళ్లీ తీసి వినేవాళ్లు ఎంతమందో తెలియదు. నేను మాత్రం ముగ్గురికి రుణపడి ఉన్నాను: నన్ను తిట్టకుండా దిద్దిన ఉస్తాద్‌కు, నా పేరు మీద చెల్లిన ఘనతను ఇరవై ఏళ్లు దగ్గుతోనే సరిపెట్టుకున్న మా ఇంటామెకు, అంత జరిగినా నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవని వదినకు. ఆ మధ్యాహ్నం ఆ గొంతు పలికినప్పుడు పందిట్లో కన్నీళ్లు పెట్టుకోని మనిషి లేడు. నా బతుకులో నేను విన్న అన్ని మైకుల్లోకీ అదే పెద్ద శబ్దం.

ఇంతవరకూ రాసి, తప్పులుంటే చెప్పమని తుర్కయాంజాల్‌లో కూతురింట్లో ఉంటున్న వదినకు ఫోనులో పంపాను. చదవడానికి రెండు రోజులు తీసుకుంది. ఈ రోజు పొద్దున ఆమె రాత వచ్చింది:

"మరిదీ, అన్ని మంచిగ రాసినవ్. ఆఖరుకి మళ్ల అబద్ధమే రాసినవ్. పందిట్ల ఎవ్వలు ఏడ్వలె. వంకాయ కాడ వియ్యపురాలు పక్కలు పట్టుకొని నవ్వింది, పిల్ల కూడ నవ్వింది. నవ్వుకుంట పోవాలెననే గా పాట కట్టిన. ఏడ్చింది నువ్వొక్కనివే."