మూడు మసి చుక్కలు

అనకాపల్లి దగ్గర చెరకు కొడుతున్న పొలంలో అడవిపిల్లి కూనలు కనబడ్డాయని తెలిసి, హైదరాబాద్ నుంచి వెళ్ళిన నేను కెమెరా పట్టుకుని పరుగెత్తాను. ఇంకా కొట్టని ఒక మూలలో, ఎండుటాకుల మీద మూడు కూనలున్నాయి. లెన్సు వాటి కంటి ఎత్తుకు రావాలని బోర్లా పడుకున్నాను. ఫ్లాష్ వద్దనుకున్నాను, షట్టర్ చప్పుడు ఆపేశాను, చెరకు నీడకు సరిపడా ఐఎస్ఓ పెంచాను. ఫొటోలో మీసాలు కూడా విడివిడిగా కనిపించాయి.

ఆ పొలం నూకాలమ్మగారిది. గర్వంగా ఆవిడకు చూపించాను. ఆవిడ మెచ్చుకోలేదు.

"కళ్ళు ఇప్పుడిప్పుడే తెరుత్తన్నాయి. పసికూనలకి దిష్టి తగల్దేటి బాబూ?"

పక్కనే బెల్లం వండే పెనం చల్లారి ఉంది. దాని అడుగున వేలు రాసి, కెమెరా తెర మీద కనిపిస్తున్న ఒక్కో కూన బుగ్గకీ ఒక్కో మసి చుక్క పెట్టారు. తర్వాత కూలీల వైపు తిరిగి, "ఆ మూల ఒగ్గేయండర్రా. తల్లొచ్చి అట్టుకెళ్ళేక కొట్టుకుందాం" అన్నారు.

"తల్లిని కూడా ఒక్క ఫొటో తీసుకుని వెళ్తానమ్మా" అన్నాను.

"నువ్వుంటే అదెలా వత్తాది?"

షట్టర్ చప్పుడు రాదని చెప్పబోయి, కెమెరా మెడలో వేసుకున్నాను. అందరితో పాటు నేనూ దూరంగా నడిచాను. కెమెరా మీద వేలిముద్ర పడితేనే ఇంట్లో గొడవ చేసే మనిషిని. తుడవడానికి గుడ్డ తీసి, ఆ మూడు చుక్కలు చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను.