నా మాట మీద వెనక్కి తిరిగిన పడవలు

రైలు దిగి, రెండు బస్సులు మారి ఆ రేవుకు చేరేసరికి వాన పట్టుకుంది. వీపు మీద కిట్ బ్యాగు, చేతిలో రేకు పెట్టె. జెట్టీ చివర మా గస్తీ పడవ ఊగుతోంది. బూడిద రంగు. ముందు భాగంలో టార్పాలిన్ కప్పిన మెషిన్ గన్, పైన రాడార్, దాని కింద తుప్పు పట్టిన మైకు గొట్టం. ఇంజన్లు రెండు. ఒకటి నడిచేది, ఇంకొకటి నెలలో సగం రోజులు విప్పి ఉండేది.

మా ఊరు కోరుట్ల పక్కన. మా వైపు యూనిఫాం వేసుకున్న ప్రతివాణ్ణీ మిల్ట్రీ అనే అంటారు. నేను పనిచేసింది తీర గస్తీ దళంలో, నీళ్ల మీద. ఆ తేడా చెప్పీ చెప్పీ విసిగి, మిల్ట్రీయేనా అంటే అవునని ఊరుకోవడం అలవాటైంది.

పడవ కమాండర్ పంజాబీ. నన్ను పైనుంచి కిందికి చూశాడు. పేరు కంటే ముందు భాష అడిగాడు.

"తెలుగు వచ్చా?" అన్నాడు హిందీలో.

"నా భాషే అది, సర్."

"అయితే ఇవాళ్టి నుంచి మైకు నీది."

ఇంజన్ మెకానిక్ మలయాళీ. చేతులకు గ్రీజు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇన్నాళ్లూ నేనే అరిచాను. వాళ్లకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నువ్వొచ్చావు, నా గొంతు బతికింది."

ఉత్తరాంధ్ర తీరం అది. మేమున్న రేవుకు కొంచెం పైన, అంతకు ముందు ఏడాది, చమురు దింపే జెట్టీ కొత్తది కట్టారు. అది రాకముందు ఎప్పుడైనా ఒక ట్యాంకర్ ఓడ కనిపించేదట. నేను వెళ్లేసరికి ఎప్పుడు చూసినా సముద్రంలో వరసగా నిలబడి ఉండేవి. పసుపు సీజన్లో మెట్‌పల్లి మార్కెట్ యార్డు బయట లారీలు తమ వంతు కోసం ఆగుతాయే, అలా. వంతు వచ్చిన ఓడ లంగరు ఎత్తి జెట్టీకి బయలుదేరేది. దాని దారి నేరుగా జాలర్లు వల వేసే చోటులోంచి పోయేది. ఆ దారి ఖాళీగా ఉంచడం మా డ్యూటీ.

మొదటి రోజు మైకులో నేనన్న మాట నాకింకా గుర్తే. "అన్నలారా, ఓడ అస్తున్నది. గిది దాని తొవ్వ. జర పక్కకు జరుగుండ్రి." ఎదురుగా నాలుగు ఫైబర్ పడవలు. అందులో వాళ్లు వల వదిలేసి నా వైపు చూశారు. తర్వాత పడీ పడీ నవ్వారు. కానీ జరిగారు.

ఆ వారమే జాలర్ల ఊరివాళ్లు ఓడలను ఆపేస్తామన్నారు. పడవలన్నీ తాళ్లతో కట్టి దారికి అడ్డంగా నిలబెడతారట. అన్న మాట ప్రకారం ఒక ఉదయం ముప్పై, నలభై పడవలు నీళ్లలోకి దిగి వరస కట్టాయి కూడా. కమాండర్ నన్ను వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్లాడు. ఆయుధాలు తేలేదు. వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో కూర్చున్నాం. ఊరంతా అక్కడే ఉంది.

వాళ్లలో ఎక్కువ మాట్లాడింది నూకాలు. నలభై దాటిన మనిషి. చేపల గంప మోసి మోసి మెడ కొద్దిగా ఒక పక్కకు వంగి ఉంటుంది. భర్త లేడు. తమ్ముడు సింహాద్రి వేటకు వెళ్తే, ఆమె అమ్ముకొచ్చేది.

"ఏటి బాబూ, నువ్వేనా మైకులో తొవ్వ తొవ్వ అన్నావు? ఏ వూరు మీది?"

"కోరుట్ల అక్కా. జగిత్యాల దిక్కు."

"అక్కడ సముద్రం నేదేటి?"

"లేదు. పసుపు పండుతది. వరి పండుతది."

"మరి నీకేటి తెలుస్తాది మా బాధ?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. "సీకట్లో వల ఏసి కూకుంటాం. అంత ఓడ మీదకొచ్చీదాకా సప్పుడే ఉండదు. వల పోతే పోనాది, మనిషి పోతేనో? ఆ నూనె ఒలికిపోనాదనుకో, సేప ఉంటాదా? మేం ఏటి తినాల? ఓడ వొస్తన్నాదని మాకు సెప్పీదెవుడు?"

నేను హిందీలో చెప్పాను. కమాండర్ నా వైపు తిరిగాడు. "ప్రతి ట్యాంకర్‌కూ ముందు మన పడవ వెళ్తుంది. మైకులో హెచ్చరిస్తుంది. చెప్పు." మనస్ఫూర్తిగానే అన్నాడు. అప్పటికి అది చేయగలిగిన పనే.

నేను లేచి నిలబడి చెప్పాను. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు. సముద్రం మీద తెలుగు మాట్లాడే యూనిఫాం మనిషిని వాళ్లు అంతకు ముందు చూడలేదు. నాకు గర్వం కలిగింది.

"నేను జెప్తున్న. ఒక్క ఓడ గూడ మేం లేకుండ మీ మీదికి రాదు. నా మాట నమ్ముండ్రి."

షెడ్డులో గుసగుసలు. సింహాద్రి వెనక నుంచి అక్కకు వినపడేలా అరిచాడు. "మిల్ట్రీవోడు అబద్దం ఆడడులే అప్పా! తిప్పేయండి పడవలు!"

సాయంత్రానికి తాళ్లు విప్పేశారు. పడవలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి ఒడ్డుకు వచ్చాయి. కమాండర్ నా భుజం తట్టాడు. "నీ వల్ల ఒక్క లాఠీ లేకుండా అయిపోయింది." ఆ రాత్రి నాకు రెండు గుడ్లు ఎక్కువ పెట్టించాడు.

ఆ చలికాలం అంతా బాగా గడిచింది. ఓడ కదిలిందంటే దాని ముందు మేం. నేను మైకు పట్టుకుని అరుస్తూ పోయేవాణ్ణి. వాళ్లు వల లాక్కుని తప్పుకునేవారు. సింహాద్రి నా మాటలు నేర్చుకుని తిరిగి నా మీదే వేసేవాడు. "ఓ తొవ్వన్నా! జర టీ తాగి పో!" ఒక్కోసారి మా పడవలోకి చేపలు విసిరేవాడు. మెకానిక్ వాటిని కొబ్బరి నూనెలో వేయించేవాడు.

మా అన్న గల్ఫ్‌లో ఉండేవాడు. ఇబ్రహీంపట్నం మండలం నుంచి వెళ్లిన ఇంకో పదిమందితో కలిసి ఒక రేవులో ఓడలకు చమురు పైపులు తగిలించే పని. ఫోన్లో ట్యాంకర్ల సంగతి చెబితే పగలబడి నవ్వాడు. "మేం ఈడ నింపుతున్నం, నువ్వు ఆడ దింపిచ్చుకుంటున్నవు. ఇద్దరం ఒక్కతాన జేస్తున్నట్టే గదరా!" నేనూ నవ్వాను. బాగుందనిపించింది.

ఎండలు ముదిరేసరికి ఓడలు ఇంకా పెరిగాయి. ఒకటి జెట్టీ వదలకముందే ఇంకొకటి బయలుదేరేది. మాది ఒక్కటే పడవ. రెండో ఇంజన్ విప్పి డెక్ మీదే ఉంది. లంగరు వేసి ఆగిన ఓడల మీదికి దొంగలు ఎక్కుతున్నారని ఫిర్యాదు వచ్చింది. పైనుంచి ఆర్డర్ మారింది. గస్తీ పడవ ఇకపై బయటి లంగరు దగ్గరే ఉండాలి. దారిలో హెచ్చరికలు రేడియోలో ఇస్తే చాలు.

"సర్, చిన్న పడవల్లో రేడియోలు ఉండవు," అన్నాను.

"నాకు తెలుసు. ఇంకో పడవ కావాలని రాశాను. వచ్చేదాకా ఆర్డర్ ఆర్డరే. ఒడ్డుకు వెళ్లి వాళ్లతో చెప్పిరా. దాచొద్దు."

వెళ్లాను. ఆ నడక ఎంత దూరమో ఇప్పుడు చెప్పలేను కానీ, చెప్పులు ఇసుకలో కూరుకుపోతుంటే తీసి చేత్తో పట్టుకున్నాను. నూకాలు గంప కడుగుతోంది. సింహాద్రి పక్కనే వల ఎండేస్తున్నాడు. చెప్పాను.

ఆమె గంప కింద పెట్టింది. "ఉంటానన్నావు కదా బాబూ."

"అన్న."

"ఇప్పుడు ఉండనంటన్నావు."

"ఆర్డర్ మారిందక్కా. నా చేతులల్ల ఏం లేదు."

"నీ సేతుల్లో నేకపోతే ఆ రోజు ఎందుకు సెప్పావు?"

సింహాద్రే కల్పించుకున్నాడు. "పోనీలే అప్పా, ఆయనేటి సేస్తాడు. సూసుకుని ఏస్తాంలే."

ఊరి పెద్దలు మళ్లీ పడవలు అడ్డం కడదామన్నారు. కానీ ఈలోగా ఆ దారిని నిషేధిత ప్రాంతంగా ప్రకటించారు. గుంపుగా దిగితే పడవలు పట్టుకుపోతామని పోలీసులు వచ్చి చెప్పి వెళ్లారు. ఒక్కో పడవ మీద ఒక్కో ఇల్లు బతుకుతోంది. ఎవరూ ముందుకు రాలేదు. మొదటిసారి వరస కట్టిన రోజైతే ఓడలను ఆపగలిగేవాళ్లు. అప్పుడు వాళ్లను వెనక్కి తిప్పింది లాఠీ కాదు, పోలీసు కాదు. నేను. దారికి అటు పక్క చేప లేదు. దారిలోనే ఉంది. దొంగచాటుగా, చీకటి ఉండగానే వెళ్లి తెల్లారేలోపు వచ్చేయడం మొదలుపెట్టారు.

అది జరిగిన రోజు తెల్లవారుజామున సన్నటి జల్లు. గాలి తక్కువ. మేం బయటి లంగరు దగ్గర ఉన్నాం. ఒక ట్యాంకర్ కదిలి లోపలికి వెళ్తోంది. రేడియో డ్యూటీ నాది. రాడార్‌లో దాని ముందు ఒక చుక్క మెరిసింది. పోయింది. మళ్లీ మెరిసింది.

"ట్యాంకర్, ట్యాంకర్. గస్తీ పడవ మాట్లాడుతోంది. మీ ముందు, ఎడమ పక్క, చేపల పడవ. ఓవర్."

"మాకు కనిపించడం లేదు. ఓవర్."

"నాకు కనిపిస్తోంది. ఇంజన్ ఆపండి. ఓవర్."

"ఆపుతున్నాం. ఓడ నిలబడటానికి దూరం పడుతుంది. ఓవర్."

కమాండర్ అప్పటికే పడవ తిప్పాడు. ఉన్న ఒక్క ఇంజన్ అరుస్తోంది. నేను మైకు అందుకున్నాను. అంత దూరం వినపడదని నాకు తెలుసు. అయినా అరిచాను. "జరుగుండ్రి! ఓడ! ఓడ అస్తున్నది!" మెకానిక్ కిందనుంచి పైకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

మేం చేరేసరికి ఓడ దాటిపోయింది. ఫైబర్ పడవ బోర్లా తేలుతోంది. వల ఓడ కింద చిక్కుకుని పడవను వెనక్కి ఈడ్చేసిందని తర్వాత తెలిసింది. ఒకతను పడవ అంచు పట్టుకుని ఉన్నాడు. లాగి పైకి వేశాం. వాంతి చేసుకున్నాక వేలితో నీళ్ల వైపు చూపించాడు. "సింహాద్రి. కాలికి తాడు సుట్టుకుంది."

మధ్యాహ్నం దాకా వెతికాం. మెకానిక్ తాడు కట్టుకుని నాలుగుసార్లు దూకాడు. దొరకలేదు. మర్నాడు రేవుకు కింద వైపు ఇసుకలోకి కొట్టుకొచ్చాడు. స్ట్రెచర్ ముందు వైపు నేను పట్టుకున్నాను.

విచారణ జరిగింది. పడవ నిషేధిత దారిలో ఉందని రాశారు. అది నిజమే. కమాండర్ తన వాంగ్మూలంలో రెండో పడవ గురించి గట్టిగానే రాశాడు. ఆ పడవ వచ్చింది కూడా. నేను సర్వీసు ముగించుకుని పెట్టె సర్దుకునే వారంలో వచ్చింది. కొత్తది, రెండు ఇంజన్లూ నడుస్తున్నాయి. దాని మైకు దగ్గర ఒక శ్రీకాకుళం కుర్రాణ్ణి నిలబెట్టారు. వాడు పలికితే ఎవరూ నవ్వరు.

వెళ్లేముందు నూకాలు ఇంటికి పోదామని బయలుదేరి, షెడ్డు దాకా వెళ్లి, అక్కడినుంచే తిరిగి వచ్చాను.

కోరుట్ల బస్టాండులో దిగేసరికి డప్పులు, దండలు. అన్న అప్పుడే గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు. గట్టిగా వాటేసుకుని అందరికీ వినపడేలా అన్నాడు. "మా తమ్ముడు సముద్రాన్ని కాపలా గాసి అచ్చిండు!" జగిత్యాలలో ఒక బడిలో జెండా ఎగరేయమని పిలిచారు. శాలువా కప్పారు. నాలుగు మాటలు చెప్పమన్నారు. క్రమశిక్షణ గురించి చెప్పి దిగిపోయాను. శాలువా ఇంట్లో దండెం మీద చాలా రోజులు వేలాడింది. నా భార్య ఒకరోజు అడిగింది. "గది ఎందుకు కప్పుకోవు? గింత చలి వెడుతుంటే." ఆమెకు అప్పుడు చెప్పాను, అంతా. ఆమె చాలాసేపు వింది. "నువ్వు గావాలని జేసిందేం లేదు గదా," అంది. అది నాకూ తెలుసు. అది తెలిసినా ఒరిగిందేమీ లేదు. అన్నకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. మళ్లీ ఆ పైపుల దగ్గరికే వెళ్లాడు. అతని పని అది.

ఆ మధ్య సిరిసిల్లలో అత్తగారింటికి వెళ్లాం. మా మామ జీవితమంతా సాంచెల మీదే, మరమగ్గాల మీదే గడిపాడు. షెడ్డులో మగ్గాలు దడదడలాడుతుంటే ఒక సాంచె ఆపి, తెగిన పోగు అతుకుతూ నా వైపు తిరిగాడు.

"అల్లుడా, ఎన్నటికెల్లో అడుగుదామనుకుంటున్న. సముద్రం ఎట్లుంటది? టీవీల సూసుడేనాయె."

"పెద్దగుంటది మామా," అన్నాను. ఆయన ఇంకా ఏదో చెబుతానని చూశాడు. సాంచె మళ్లీ నడిపాడు.

ఆయనకు చెప్పలేనిది ఇది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన రోజు సింహాద్రిని వలల షెడ్డులో చాప మీద పడుకోబెట్టారు. బయట వాన, లోపల కరెంటు లేదు. ఆ రోజుల్లో ఆ ఒడ్డుకు నల్లటి తారు ముద్దలు కొట్టుకొచ్చేవి. ఎక్కడివో ఎవరూ చెప్పలేదు. అతని పాదాలకు, వేళ్ల సందుల్లో ఆ తారు అతుక్కుని ఉంది. స్నానం చేయించే ముందు నూకాలు గిన్నెలో కొబ్బరి నూనె పోసుకుని, పాత గుడ్డ ముంచి, ఒక్కో వేలూ విడదీసి తుడుస్తోంది. ఏడవడం లేదు. తలుపు దగ్గర యూనిఫాంలో నేను నిలబడి ఉన్నాను. పొమ్మంటుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ఉంది.

ఆమె తల ఎత్తలేదు.

"నీకాడ టార్చి ఉందా బాబూ? ఇటు పట్టు, కనిపించట్లేదు."

తీసి వెలిగించాను. వెలుగు గోడ మీద పడింది.

"కిందకి బాబూ. కాళ్ల మీదకి."

కిందికి పట్టాను.