మందిరం గుమ్మం దగ్గర తనిఖీ

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా మందిరం ఆరాధన బాయి సైరన్‌ను బట్టి నడిచేది. మగవాళ్లలో సగం మంది బొగ్గుబాయిలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు. పొద్దున సైరన్ మోగాక వాళ్లు పైకి వచ్చి, ఇంటికి పోయి, ఒంటి మసి కడుక్కుని వచ్చేదాకా పాస్టర్ అయ్యగారు పాట మొదలుపెట్టేవారు కాదు. అందరికీ అదే అలవాటు.

పక్కింటి అక్క నాకన్నా కొంచెం పెద్దది. ఆమె బడికి పోయేది. నేను పోలేదు. తమ్ముళ్లను ఎత్తుకోవడమే నా పని. గోడకు అవతల ఆమె పాఠం చదువుతుంటే, ఇవతల నేను చంటివాడిని ఊపుతూ వినేదాన్ని. వినీ వినీ ఆ పాఠాలు నా నోటికి వచ్చేవి, అక్షరం మాత్రం ఒక్కటీ తెలియదు. ఆమె రిబ్బన్లను చూసినా, గౌన్లను చూసినా నాకేమీ అనిపించేది కాదు. నా కుళ్లంతా ఆమె చూపుడువేలి మీద. ఆ వేలు కాగితం మీద పాకుతూ పోతే గీతలన్నీ మాటలయ్యేవి. నా వేలూ అలాంటిదే కదా, దీనికెందుకు చేతకాదు అని చీకట్లో దాన్ని కొరుక్కున్న రోజులున్నాయి.

ఒకసారి ఆడపిల్లల హాస్టల్ నడిపే అమ్మగారు మా మందిరానికి వస్తున్నారని తెలిసింది. ఆ ఆదివారం అక్క అందరి ముందు బైబిల్ వాక్యం చదవాలి. బాగా చదివితే హాస్టల్లో చేర్చుకుని పైచదువు చెప్పిస్తారు. లేకపోతే ఆ ఎండాకాలంలోనే పెళ్లి చేసేస్తామని వాళ్ల నాన్న చెప్పేశాడు.

శనివారం సాయంత్రం అయ్యగారు మా ఇంటి ముందు ఆగారు. హాస్టల్ అమ్మగారు మందమర్రికి బండి అందుకోవాలట, అందుకని రేపు సైరన్ మోగగానే ఆరాధన మొదలుపెడతామన్నారు. పక్కింటికి తాళం ఉంది. "అక్క రాంగనే చెప్పు బిడ్డా, మరువకు" అని నాకు అప్పగించి వెళ్లారు.

చెబుదామనే ఉన్నాను. అక్క పిండి గిర్నీ నుంచి తిరిగి వచ్చింది, నల్లా దగ్గర నన్ను చూసి నవ్వింది.

"ఏందే, మూతి గట్ల పెట్టినవ్? రేపు నా పక్కపొంటి నిలబడు. నేను చదువుతా, నువ్వు పేజీలు తిప్పుదువు."

"పేజీ ఎప్పుడు తిప్పాల్నో నాకేం తెలుస్తది?"

"నేను మోచేత్తోని పొడుస్తా తియ్" అంది.

ప్రేమతోనే అంది. కానీ ఆ మాట నాకు ఈటెలా దిగింది. బిందె నింపుకుని ఇంటికి వచ్చేశాను. చెప్పలేదు.

పొద్దున సైరన్ మోగింది. మా అమ్మకు ఆరోగ్యం బాగాలేదు. తాత, నేనూ మందిరానికి బయలుదేరాము. పక్కింట్లో అక్క నిదానంగా తల దువ్వుకుంటూ, ఆ వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటోంది. ప్రతి ఆదివారం ఆ తలుపు ముందు నిలబడి "అక్కా, వస్తున్నవా" అని కేకేసేదాన్ని. ఆ రోజు తాతకన్నా ముందు నడిచి దాటిపోయాను.

మా తాత పని బాయి మూతి దగ్గర. దిగబోయే ప్రతి మనిషినీ ఆపి, జేబులు, నడుము, తలపాగా తడిమి చూసేవాడు. బీడీలు, అగ్గిపెట్టెలు ఉంటే తీసి పక్కన పెట్టేవాడు. లోపల గాలిలో ఏముంటుందో ఎవరికీ తెలియదు. ఒక్క నిప్పురవ్వ చాలు.

మందిరం గుమ్మం దగ్గర తాత నా భుజం పట్టి ఆపాడు.

"చేతులు చాపు."

"ఎందుకు తాతా?"

"చాపమన్న."

చాపాను. డ్యూటీలో చేసినట్టే, నవ్వకుండా, నా చేతులు తడిమాడు, లంగా అంచు దులిపాడు, జడ ఎత్తి చూశాడు. బాయి నుంచి నేరుగా మసి ముఖంతో వచ్చిన ఒకాయన పకపకా నవ్వాడు.

"ఏంది కాకా, పసిపిల్ల బీడీలు తాగుతదా?"

"నీలెక్క తయారైతదేమోనని చూస్తున్న. నువ్వు లోపలికి నడువు."

ఆయన లోపలికి వెళ్లాక తాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "పైన ఏం లేదు. లోపలేదో దాచినవ్. అక్క ఇల్లు దాటుతుంటే నీ నడక చూసిన. అగ్గిపెట్టె ఉన్నోడు గట్లనే నడుస్తడు, జల్ది జల్ది."

నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పేశాను. కొడతాడనుకున్నాను.

"ఇంకా దిగలే కదా బిడ్డా" అన్నాడు. "పైన దొరికితే తీసి పక్కకు పెడ్తం, గంతే. లోపలికి తీసుకపోతేనే పాయె. కాలేటిది తెచ్చినోడు ఒక్కడే కాదు. ఉరుకు."

ఉరికాను. మందిరంలో మొదటి పాట అందుకునే వేళకు అక్క తలుపు బాదుతున్నాను. ఆమె ఒక జడ అల్లుకుంది, రెండోది అల్లుకోలేదు. అలాగే పరుగెత్తింది. అలాగే నిలబడి చదివింది. గొంతు మొదట వణికింది, తర్వాత నిలదొక్కుకుంది. హాస్టల్ అమ్మగారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం నేను చూశాను.

మంచిపని చేశాను కదా, సంతోషం వస్తుందని కూర్చున్నాను. రాలేదు. ఆ వేలు కాగితం మీద పాకుతుంటే నా కడుపు ఎప్పటిలాగే మండింది. ఇంటికి పోయే దారిలో తాతతో అదే చెప్పాను.

"తాతా, ఇంకా మండుతాంది."

"మండుతది. బీడీ తాగనోడు ఎవడున్నడే మా బాయి మీద? తాగద్దని నేను అంటనా? దాన్ని కిందికి దించద్దంట, గంతే." కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు. "యేసయ్య కూడా గదే అడుగుతడు. రోజూ అడుగుతడు. ఒక్కనాడు చూసి ఇడిసిపెడితే బాయి నడువదు."

అక్క హాస్టల్‌కు పోయి, చదివి, టీచరమ్మ అయింది. నేను అక్షరాలు దిద్దేసరికి నాకు మనవలు పుట్టారు. మా ఆయన రిటైరయ్యాక, క్వార్టర్ల దగ్గర ఆడవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో పలక పట్టాను. తెలంగాణ వచ్చిన ఈ ఏడాదికి వాక్యం కూడబలుక్కుని చదవగలుగుతున్నాను. మందిరంలో లేచి చదవమని మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు. గడగడా చదివే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకరు లేచి నిలబడితే, ఈ వయసులోనూ నాకు ఆ మంట వస్తుంది.

అది రాకుండా చెయ్యమని ప్రభువును అడగడం ఎప్పుడో మానేశాను. నాతోపాటు కావలి ఉండమని అడుగుతాను. లోపలికి అడుగుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, ఎవరి మీద ఏం దాచుకుని వచ్చానా అని వెతుక్కుంటాను. చాలాసార్లు ఏదో ఒకటి దొరుకుతుంది, బయట పెట్టి పోతాను. ఏమీ దొరకని రోజున మాత్రం ఇంకోసారి వెతుకుతాను.